లార్జక్క ఒంటి కొలత

రండి రండి, ఇటు జరగండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కాస్త ముందుకి రండి. అంత దూరానికి నా గొంతు వినపడుతుందిగానీ నా చేతులు కనపడవు, చేతులు లేకుండా నాకు కథ రాదు. కబుర్లు కట్టిపెట్టండి. ఫోన్లు ఒళ్ళో బోర్లించండి. దగ్గేవాళ్ళు ఇప్పుడే దగ్గేయండి. ముందుముందు ఒక గుండె చప్పుడు వినాల్సిన చోటుంది, అక్కడ దగ్గితే ఊరుకోను.

ఒక బట్టల ఫ్యాక్టరీ. మిషన్లన్నీ ఒక్కసారిగా తిరిగితే పక్క వీధిలో కూర్చున్నవాళ్ళ పళ్ళు కదిలేవి. ఆ వీధి పళ్ళ డాక్టరు మేడ మీద మేడ కట్టింది ఆ కదిలిన పళ్ళతోనే అంటారు, నేను కాదనను. ఆ ఫ్యాక్టరీ పై అంతస్తులో శాంపిల్ గది. గది మధ్యలో ఒక చెక్క పీట. పీట మీద లార్జక్క.

ఆమె ఉద్యోగం నిలబడటం. నవ్వకండి, చేసి చూస్తే తెలుస్తుంది. ఫ్యాక్టరీలో ఏ కొత్త బట్టయినా ముందు ఒక్కటి కుడతారు. ఆ ఒక్కటి ఆమెకి తొడుగుతారు. కటింగ్ మాస్టారు చుట్టూ తిరిగి, ఎక్కడ వదులో ఎక్కడ బిగువో చూసి గుండుసూదులు పెడతాడు. ఆ సూదుల ప్రకారం కాగితం మీద గీతలు మారతాయి. ఆ గీతల ప్రకారం కింది అంతస్తులో వందల బట్టలు తెగుతాయి. స్మాల్‌కి ఒక పిల్ల ఉంది, మీడియంకి ఇంకో ఆవిడ ఉంది. లార్జ్ అంటే మాత్రం ఈమే. ఏళ్ళ తరబడి ఊళ్ళో పెద్ద సైజు ఆడవాళ్ళందరూ ఈమె ఒంటికి కుట్టిన బట్టలే వేసుకుని తిరిగారు. అందుకే అసలు పేరు అందరూ మర్చిపోయారు. జీతం ఇచ్చే గుమాస్తా కూడా "లార్జక్కా, సంతకం" అనేవాడు.

ఆ రోజు తొడిగింది తెల్లకోటు. ఊళ్ళో పెద్దాసుపత్రివాళ్ళు నర్సులందరికీ కొత్త కోట్లు కావాలన్నారు, అదీ వారం తిరక్కుండా. మాస్టారు పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని పీట చుట్టూ తిరుగుతున్నాడు. నడుము దగ్గర గుడ్డని రెండు వేళ్ళతో పట్టాడు. పట్టిందంతా చేతిలోకి వచ్చింది.

"ఇదేంటిది, ఇంత వదులొచ్చింది?" అన్నాడు సూదుల మధ్యనుంచే.

లార్జక్క గోడకేసి చూసింది.

"కాగితం తప్పు గీశారు కింద. కుర్రకుంకలు, కొలతంటే ఆటైపోయింది," అని తనే జవాబు చెప్పుకుని నడుముకి రెండు పక్కలా సూదులు పెట్టేశాడు. ఆయన మెడలో టేపు ఉంటుంది. కానీ ఆమెని కొలిచి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. అవసరం పడలేదు. ఆ గదిలో లార్జ్ అంటే ఎంత అని ఎవరైనా అడిగితే పీటకేసి వేలు చూపించేవాడు. "టేపు వాడీ వాడీ సాగుతుందయ్యా. మా అమ్మాయి సాగదు, తగ్గదు. ఇదిగో, ఇదీ లార్జ్," అనేవాడు.

చంక దగ్గర చిటికెడు. భుజం దగ్గర చిటికెడు. రొమ్ముకి అటూ ఇటూ ఇంకాస్త. సూదులు పెట్టినంతసేపు కదలకూడదు. లార్జక్కకి నాలిక అంగిట్లో అతుక్కుపోయింది. మెడ వెనక చెమట కారుతోంది. లోపల గుండె మాత్రం ఎవరో తరుముతున్నట్టు పరుగెడుతోంది.

"ఆ ఫ్యాన్ ఎవరైనా ఆపండర్రా, కాలర్ ఊగుతోంది," అన్నాడు మాస్టారు.

స్మాల్ పిల్ల లేచి ఫ్యాన్ ఆపింది. రెక్కలు మెల్లగా తిరిగి తిరిగి ఆగిపోయాయి.

కాలర్ ఊగుతూనే ఉంది.

మాస్టారు వంగి చూశాడు. టక్ టక్ టక్ టక్ మని ఆ కాలర్ కొస చిన్నగా ఎగురుతోంది. కళ్ళజోడు తీశాడు, చొక్కా అంచుతో తుడిచాడు, పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. "నా కళ్ళు కూడా పోతున్నట్టున్నాయమ్మా," అన్నాడు మెల్లగా, ఆమెకి మాత్రమే వినపడేట్టు.

చెప్పాలనుకుంది లార్జక్క. నోరు తెరిచింది కూడా. అంతలో మెట్ల మీద, ఫ్యాక్టరీనీ కింద షోరూంనీ నడిపే మేడం చెప్పుల చప్పుడైంది, తెరిచిన నోరు మూసేసింది.

ఎందుకంటే, ఆమెకి కావలసిందల్లా ఒక కుర్చీ. కింద షోరూంలో, అద్దాల వెనక, మెత్తటి కుర్చీ. వచ్చినవాళ్ళకి బట్టలు చూపించే ఉద్యోగం. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పీట మీద నిలబడి ఆమె మోకాళ్ళు ఎలా తయారయ్యాయంటే, మెట్లెక్కుతుంటే కిర్రుమనే చప్పుడు విని వాచ్‌మన్ గేటుకి నూనె రాసేవాడు. కుర్చీ అడిగితే మేడం కాదనలేదు. "షోరూం డ్రెస్ మీడియం వరకే ఉందమ్మా. కాస్త తగ్గు, కూర్చోబెడతాను," అంది. కాస్త తగ్గు. ఉప్పు తగ్గించమన్నంత తేలిగ్గా అంది.

అందుకే మాత్రలు.

మాత్రలు తెచ్చింది కాజాల వదిన. ఈవిడ లార్జక్క అన్న భార్య, నిజంగానే వదిన. కానీ ఫ్యాక్టరీ మొత్తానికీ వదినే. కాజాలు కొట్టే మిషన్ మీద ఆమెని మించినవాళ్ళు లేరు. బొత్తాం దూరే ఆ చిన్న చీలిక, గుడ్డ పెట్టీ పెట్టకముందే చుట్టూ దారం కుట్టి మధ్యలో కత్తి దిగిపోయేది. ఒకసారి మిషన్ మీద ఈగ వాలితే దానికీ కాజా కొట్టిందనీ, అది బొత్తాం కోసం ఊరంతా తిరిగిందనీ చెప్పుకుంటారు.

మధ్యాహ్నం డబ్బాలు విప్పే వేళ వదిన బల్ల చుట్టూ ఆడవాళ్ళు మూగేవాళ్ళు. సంచిలో తెల్ల సీసాలు. సీసా మీద పచ్చటి ఆకు బొమ్మ. ఆ ఆకు ఏ చెట్టుదో ఏ చెట్టుకీ తెలియదు.

"అచ్చం మూలికలే. ఆకూ అలమూ," అంటోంది వదిన. "మందూ కాదు, మాకూ కాదు. ఆకు తిని మేక చచ్చిందని ఎక్కడైనా విన్నారా?"

"పొగాకు కూడా ఆకే కదా వదినా?" అంది ఇస్త్రీ చేసే ఆవిడ.

అందరూ గొల్లుమన్నారు. వదిన కూడా నవ్వింది. "నువ్వు తగ్గి ఏం చేస్తావే, ఇప్పటికే ఇస్త్రీ బల్ల పక్కన నిలబడితే ఏది బల్లో తెలియడం లేదు," అని తిప్పికొట్టి, జనం కాస్త పల్చబడ్డాక మరదలి పక్కకి జరిగింది.

"ఎలా ఉంది అమ్మడూ?"

"నిద్ర రావడం లేదు వదినా. గుండె దడదడమంటోంది. చేతులు చూడు." లార్జక్క చెయ్యి చాపింది. వేళ్ళ చివర్లు వణుకుతున్నాయి.

వదిన ఆ చేతిని గబుక్కున రెండు చేతుల్లోకి తీసుకుని బల్ల కిందికి దించేసింది. "కొవ్వు కరిగేటప్పుడు అలాగే ఉంటుందట. లోపల పని జరుగుతోందని గుర్తు. ఇంటికి సున్నం వేసేటప్పుడు సామాన్లన్నీ కదలవూ? అలాగే."

"ఆపేద్దామనుకుంటున్నా."

"ఇప్పుడా? ఇంకొక్క పిసరు తగ్గితే కుర్చీ. చచ్చీచెడీ ఇంతదూరం వచ్చి మెట్టు మీద ఆగుతానంటావేంటి?" ఆ తర్వాత గొంతు తగ్గించింది. "ఒకటి కాదు, పొద్దున ఒకటి, భోజనం ముందు ఒకటి వేసుకో. తొందరగా తేలిపోతుంది."

ఆ మాట చెప్తున్నప్పుడు వదిన నీళ్ళ సీసా ఎత్తి గటగటా తాగింది. తాగి మూతి తుడుచుకుని మళ్ళీ ఎత్తింది. లార్జక్క చూసింది గానీ పట్టించుకోలేదు. ఆ రోజుల్లో ఆమెకి ఎవరు నీళ్ళు తాగినా ముద్దుగానే అనిపించేది, తన నోరు అంత ఎండిపోయి ఉండేది.

ఇంట్లో మొగుడు మోటార్ల మెకానిక్. బోర్లలోంచి నీళ్ళు తోడే మోటార్లు. మాటకంటే ముందు చెవి పెట్టే మనిషి. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడకి చెవి ఆనించి, "మీ మోటార్‌కి బేరింగ్ పోయింది," అని చెప్పి తర్వాత నమస్కారం పెట్టేవాడు.

తెల్లారి బయల్దేరబోతూ చెప్పులు తొడుక్కోవడానికి పెళ్ళాం భుజం పట్టుకున్నాడు. పట్టినవాడు పట్టినట్టే ఆగిపోయాడు. చెయ్యి భుజం మీదనుంచి వీపు మీదికి జరిపాడు.

"ఏమేవ్, ఇదేంటి? నీళ్ళు లేని బోర్‌లో మోటారేసినట్టు కొట్టుకుంటోంది?"

"గిన్నెలు తోమి ఇప్పుడే లేచాను. ఆయాసం."

"గిన్నెలు తోమింది నేను."

"మీ చెయ్యి బరువుగా ఉంది, తియ్యండి," అంది.

తియ్యలేదు. "నీళ్ళు లేకుండా తిరిగితే మోటార్ ముందు ఏం చేస్తుందో తెలుసా? బాగా జోరుగా తిరుగుతుంది. బయటివాళ్ళు చూసి అబ్బో కొత్త మోటార్‌లా ఉందే అనుకుంటారు. కాలిపోయేది ఆ తర్వాతే. డాక్టర్ దగ్గరికి పద."

"శనివారం కోట్లు వెళ్ళిపోవాలి. ఆ తర్వాత వెళ్దాం."

"కోట్లు కుట్టేది నువ్వా?"

"నిలబడేది నేనే కదా!" అంది. అని అతని చెయ్యి తోసేసి మెట్లు దిగిపోయింది. మలుపు తిరిగాక గోడ పట్టుకుని నిలబడింది. వీధి చివర చెట్టు ఒకసారి రెండైంది, మళ్ళీ ఒకటైంది. సంచిలోంచి సీసా తీసింది. మూత తిప్పింది. పెట్టేయాలనుకుంది. అప్పుడే పక్కన దుకాణం అద్దంలో తన నీడ కనపడింది. నడుము ఉన్నచోట నిజంగానే నడుములాంటిది ఏదో ఉంది. మాత్ర నోట్లో వేసుకుంది. నీళ్ళు లేవు. గొంతులో అడ్డుపడి, దిగడానికి వీధి అంతా పట్టింది.

కోట్లు వెళ్ళాయి. కింది అంతస్తు మొత్తం వంచిన నడుము ఎత్తకుండా కుట్టారు. వదిన మిషన్ వేడెక్కి, దాని మీద టీ పెట్టుకున్నారని కూడా అంటారు, అది కాస్త ఎక్కువ చెప్పడమే. లారీ బయల్దేరుతుంటే మేడం గేటు దాకా వచ్చి చూసింది.

సోమవారం పొద్దున శాంపిల్ గది తలుపు మూసి ఉంది. లోపల మేడం గొంతు వినపడుతోంది, మాస్టారి గొంతు వినపడటం లేదు. లార్జక్క మెట్ల మధ్యలో ఆగింది. ఏదో కోపం, ఏదో తప్పు, ఎవరి గురించో తెలియలేదు. ఇంకో మెట్టు ఎక్కింది. ఉన్నట్టుండి గుండె కొట్టుకోవడం ఆపింది. ఆపి, మళ్ళీ మూడు నాలుగు దెబ్బలు ఒకేసారి కొట్టింది. ఆమె పిట్టగోడ మీద చెయ్యి వేయబోయింది. పిట్టగోడ తను అనుకున్న చోట లేదు.

పడిన చప్పుడుకి మిషన్లన్నీ ఆగాయట. మిషన్లు అన్నీ ఒకేసారి ఆగడం ఆ ఫ్యాక్టరీలో అదే మొదలు.

కళ్ళు తెరిచేసరికి పెద్దాసుపత్రి. ఒంటికి వైర్లు అతికించారు. తల దగ్గర పెట్టెలో పచ్చగీత ఎగుడుదిగుడుగా పరుగెడుతోంది. కాళ్ళ దగ్గర మొగుడు, చేతికి అంటిన గ్రీజుతోనే. గోడ పక్కన కాజాల వదిన, సంచి గుండెకి హత్తుకుని. పక్క మంచం మీద కాలికి కట్టుతో ఒక ముసలాయన నిద్రపోతున్నాడు, ఆయన్ని చూడటానికి వచ్చిన బట్టతల పెద్దమనిషి స్టూలు మీద కూర్చుని కమలాపండు ఒలుచుకుని తనే తింటున్నాడు.

డాక్టరమ్మ కాగితం మీది గీతలు చూసి మొహం ముడుచుకుంది. "గుండె లయ తప్పింది. ఒంట్లో నీళ్ళు లేవు, లవణాలు పడిపోయాయి. ఏమైనా మందులు వాడుతున్నావామ్మా?"

లార్జక్క వదినకేసి చూసింది. వదిన తల కదపలేదు. కళ్ళు మాత్రం అటూ ఇటూ కదిపింది. వద్దు.

"లేదండీ," అంది లార్జక్క.

"బలానికనీ, బరువుకనీ, ఏదైనా సరే. ఆలోచించి చెప్పు. ఇప్పుడు నేనివ్వబోయే మందు కొన్నిటితో కలిస్తే గుండె ఆగిపోగలదు. ఏమీ వేసుకోలేదంటేనే ఇస్తాను."

"ఏమే," అన్నాడు మొగుడు. గొంతులో పరాచికం ఏమీ లేదు.

చెప్తే కుర్చీ పోతుంది. వదిన మిషన్ పోతుంది, ఫ్యాక్టరీలో సగంమందికి సీసాలు అమ్మింది. అన్న మొహం ఎలా చూడాలి? ఇవన్నీ ఆ పచ్చగీత వెంట పరుగెత్తాయి. "ఏమీ లేదండీ," అంది మళ్ళీ.

డాక్టరమ్మ ఒక్క క్షణం చూసి, "సరే, ముందు సెలైన్ పెట్టండి. ఆ ఇంజెక్షన్ సిద్ధం చేయండి," అంది.

నర్సు వచ్చింది. కాస్త నిండైన మనిషి. కొత్త తెల్లకోటు. సెలైన్ సీసా పట్టుకుని పైన కొక్కేనికి తగిలించబోయింది. చెయ్యి భుజం దాకా లేచింది. అక్కడే ఆగిపోయింది. మునివేళ్ళ మీద నిలబడింది. చెయ్యి ఇంకొంచెం లేచింది, కోటు మొత్తం దాంతోపాటు లేచింది, మెడ దగ్గర బొత్తాం గొంతు నొక్కింది.

"ఏంటమ్మా ఆలస్యం?"

"చెయ్యి లేవడం లేదు మేడం!" నర్సు పళ్ళు బిగించి ఒక్క ఊపు ఊపింది. చంక దగ్గర పర్రుమంది. సీసా కొక్కేనికి తగిలింది, నడుం దగ్గర బొత్తాం ఎగిరి కమలాపండు పెద్దమనిషి ఒళ్ళో పడింది.

"చూశారా?" అంది నర్సు ఏడుపు గొంతుతో. "లార్జ్ అని ఇచ్చారు. నిన్నట్నుంచి లార్జ్ వేసుకున్న ఎవరికీ చెయ్యి లేవడం లేదు. ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే, ఎవరో ముసలి మాస్టారట, కళ్ళు కనపడక తప్పు కోశాడట. ఇవాళే ఇంటికి పంపించేస్తున్నారట."

లార్జక్క కళ్ళు మూసుకుంది. ఫ్యాన్ ఆగిన గది, ఆ కళ్ళజోడు తుడుచుకున్న చొక్కా అంచు కనపడ్డాయి. అవతల ఇంజెక్షన్ సూదిలోకి మందు ఎక్కుతోంది.

"ఆయన కళ్ళు బాగానే ఉన్నాయమ్మా," అంది. "ఆ కోటు నా ఒంటికే కోశాడు. ఒళ్ళే ఆయనకి చెప్పకుండా తగ్గింది. డాక్టరమ్మా, ఆ మందు ఆపండి. మాత్రలు వేసుకున్నాను. రోజుకి రెండు. ఫ్యాక్టరీలో మధ్యాహ్నం డబ్బాల దగ్గర కొంటాం."

ఇంజెక్షన్ పట్టుకున్న చెయ్యి గాల్లోనే నిలబడిపోయింది.

"ఏం మాత్రలు? సీసా ఏది?"

లార్జక్క గోడ పక్కకి తిరిగింది. "వదినా, తియ్యి."

వదిన కదల్లేదు. మొగుడు ఒక అడుగు వేశాడు. "అక్కయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటాను, తియ్యి."

అప్పుడు ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. ఆకు బొమ్మ సీసా బయటికొచ్చింది. డాక్టరమ్మ తిప్పి తిప్పి చూసింది. "ఈ ఆకుని నమ్మే కదా వేసుకున్నారు? ఇలాంటి సీసాల మీద ఉండేదొకటి, లోపల ఉండేదొకటి. గుండెని పరుగెత్తించే మందు కలుపుతారు, నీళ్ళు తోడేసే మందు కలుపుతారు, కలిపినట్టు రాయరు. బరువు తగ్గడానికి మందులు లేవని కాదమ్మా. మనిషిని చూసి, గుండెని చూసి, మేమిచ్చేవి ఉన్నాయి. మధ్యాహ్నం డబ్బాల దగ్గర పంచుకునేవి కావు." సీసా ఊపింది. "దీంట్లో సగం కూడా లేవే. ఇవన్నీ ఈమే మింగిందా?"

"అమ్మడి సీసా అమ్మడి సంచిలో ఉంది," అంది వదిన. "ఇది నాది."

అందరూ ఆమెకేసి తిరిగారు.

"అందరికీ అమ్మింది నేనే. నేనూ ముందునుంచీ వేసుకుంటున్నా. రోజుకి నాలుగు. వీసమెత్తు తగ్గలేదు. తగ్గలేదు కదా, నాకేమీ కావడం లేదనుకున్నా. అమ్మడు తగ్గుతుంటే చూసి, మాత్ర మంచిదే, నా ఒళ్ళే మొండిది అనుకున్నా." గోడనుంచి ముందుకొచ్చింది. ఈగకి కాజా కొట్టిన ఆ చెయ్యి చాపింది. అది కూడా వణుకుతోంది. "కాస్త చూస్తారా డాక్టరమ్మా? నాకు కూడా నిద్ర రావడం లేదు."

డాక్టరమ్మ మణికట్టు పట్టుకుంది. గడియారం చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత నర్సుతో చాలా నెమ్మదిగా, "ఇంకో మంచం," అంది. "ఈవిడ అమ్మిన సీసాలు ఎవరెవరి దగ్గరున్నాయో ఇప్పుడే ఫోన్ చేయించండి."

ఆడపడుచూ వదినా పక్కపక్క మంచాల మీద పడుకున్నారు. మందు మార్చారు. పచ్చగీత మెల్లగా ఒక దారిలో పడింది. మొగుడు దానికేసి చెవి పెట్టినట్టు తల వంచి కూర్చున్నాడు. చాలాసేపటికి, "ఇప్పుడు నీళ్ళు అందుతున్నాయి," అన్నాడు.

లార్జక్క అతని ఫోన్ తీసుకుని షోరూం మేడంకి కలిపింది.

"మేడం, మాస్టారిని పంపకండి. తప్పు నాది, తగ్గిపోయాను. ఆయనకి చెప్పలేదు."

"అయితే ఇప్పుడు నువ్వు మీడియమా?" అంది మేడం.

లార్జక్క ఫోన్‌ని ఒకసారి చెవికి దూరంగా పెట్టి చూసుకుంది. మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది. "లేదు మేడం. నాలుగు రోజులు తిన్నానంటే మళ్ళీ లార్జే. కానీ ఒక్క మాట అడుగుతాను. కుర్చీకి సైజు లేదు కదా, డ్రెస్‌కే కదా? మనది బట్టల ఫ్యాక్టరీ మేడం. ఒక్క లార్జ్ డ్రెస్ కుట్టలేమా?"

అవతల మేడం గొంతు వేరేవైపు తిరిగి, "మాస్టారూ, వెళ్ళకండి, ఒక్క నిమిషం ఆగండి," అనడం వినపడింది.

నర్సు చిరిగిన చంకలో గుండుసూది పెట్టుకుంటూ ఇదంతా విన్నది. "అయితే మా కోట్లన్నీ వెనక్కి పంపించి విప్పి కుట్టాల్సిందేనా?" అంది.

అంతవరకూ కమలాపండు తొనలు నములుతున్న ఆ బట్టతల పెద్దమనిషి గింజ ఊసేసి, ఒళ్ళో పడిన బొత్తాం ఆమె చేతిలో పెట్టాడు.

"అన్ని కోట్లు విప్పడం ఎందుకమ్మా దండగ," అన్నాడు. "ఆ సీసాలో ఇంకా మిగిలే ఉన్నాయి కదా, నర్సులందరికీ తలా రెండు పంచేస్తే కోట్లు అవే సరిపోతాయి!"